‘కోపిష్టి’ అని ఎవరిని అనొచ్చు, ఎప్పుడు అనొచ్చు?

ప్రశ్న: నేను పుణెలో పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్ళం గానీ చదువంతా మరాఠీ, హిందీ, ఇంగ్లీషుల్లోనే సాగింది. పెళ్ళయ్యాక రాజమండ్రి కుటుంబంలోకి వచ్చాను. పోయిన నెల ఒకరోజు మా అత్తగారు మోకాళ్ళ నొప్పితో పొద్దుటి నుంచీ ఎవరు పలకరించినా విసుక్కుంటున్నారు. మా పెద్ద ఆడపడుచు ‘అమ్మ ఎలా ఉంది?’ అని ఫ్యామిలీ గ్రూపులో అడిగితే ‘అత్తయ్యగారు ఇవాళ చాలా కోపిష్టిగా ఉన్నారు’ అని రాశాను. ఆవిడ వెంటనే ఫోన్ చేసి ‘మా అమ్మని అంత మాట అంటావా?’ అన్నారు. అత్తగారు ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నారు. నిఘంటువులో చూస్తే ‘కోపం గల వ్యక్తి’ అనే ఉంది. తప్పెక్కడ జరిగిందో నాకు అర్థం కావడం లేదు.

ఇంకొకటి. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి ఆదివారం తెలుగు క్లాసుకి కోపం గురించి మూడు వాక్యాలు రాసుకెళ్తే మూడింటికీ ఎర్రగీతలు పడ్డాయి. ‘మా తాతయ్య కోపమైన మనిషి.’ ‘నేను తమ్ముడితో కోపంగా ఉన్నాను.’ ‘పులి కోపిష్టి జంతువు.’ వీటిని ఎలా దిద్దాలి? కోపిష్టి, ముక్కోపి, గయ్యాళి, చిరాకు, వీటిలో ఏది ఎవరి గురించి వాడాలో కూడా చెప్పగలరు.

సమాధానం: మీ వాక్యంలో ‘ఇవాళ’, ‘కోపిష్టి’ పక్కపక్కన పడ్డాయి. అవి రెండూ ఒకచోట ఇమడవు. ఆ పూట మనిషి ఎలా ఉన్నారో చెప్పడానికి కోపిష్టి అనే మాట పనికిరాదు. అది మనిషి తత్వానికి పెట్టే పేరు. ‘నొప్పి వల్ల ఇవాళ విసుగ్గా ఉన్నారు’ అని మీరు చెప్పబోయారు. మీ ఆడపడుచుకి మాత్రం ‘మీ అమ్మ మనిషే అంత’ అని వినపడింది. ఆవిడ కోపంలో న్యాయం ఉంది, మీ మనసులోనూ కల్మషం లేదు. మధ్యలో మాట ఒకటి తప్పుగా పడింది, అంతే.

మీకు మరాఠీ బాగా వచ్చు కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడదాం. ‘తీ రాగాత్ ఆహే’ అంటే ఆమె ప్రస్తుతం కోపంలో ఉంది. ‘తీ రాగీట్ ఆహే’ అంటే ఆమె స్వభావమే కోపం. హిందీలో ‘గుస్సే మే హై’, ‘గుస్సైల్ హై’ అనే రెండు మాటల మధ్యా ఇదే తేడా. నొప్పితో మూలుగుతున్న పెద్దావిడని ‘ఆజ్ రాగీట్ ఆహే’ అని మీరు మరాఠీలో ఎప్పుడూ అనరు. తెలుగులో ‘రాగాత్’కి సాటి వచ్చేది ‘కోపంగా’, ‘రాగీట్’కి సాటి వచ్చేది ‘కోపిష్టి’.

‘గా ఉన్నారు’ తగిలిస్తే ఏ మాటైనా తాత్కాలికం అయిపోతుందని మీరు అనుకుని ఉంటారు. కోపంగా, చిరాగ్గా, విసుగ్గా, దిగులుగా, ఇవన్నీ అలాగే నడుస్తాయి కాబట్టి ఆ ఊహ సహజమే. కానీ కోపం, చిరాకు, విసుగు, దిగులు అనేవి మనసులో పుట్టే భావాల పేర్లు. వాటికి ‘గా’ చేరితే ఆ భావం ఇప్పుడు ఉందని అర్థం. కోపిష్టి మనిషి పేరు. దొంగ, పిసినారి, సోమరి లాంటి జాతి మాట అది. ‘ఇవాళ పిసినారిగా ఉన్నాడు’ అని అనం కదా, ఇదీ అంతే. ‘కోపిష్టిగా’ అనే రూపం అసలు లేదని కాదు. ‘ఉద్యోగం పోయాక కోపిష్టిగా మారాడు’, ‘ఆఫీసులో కోపిష్టిగా పేరుపడ్డాడు’ అంటాం. మారడం, పేరుపడడం, ముద్రపడడం లాంటి క్రియలతో అది సరిగ్గా అతుకుతుంది. ‘ఇవాళ ఉన్నారు’తో మాత్రం అతకదు.

ఏ మాట వాడాలో సందేహం వచ్చినప్పుడు వాక్యం ముందు ‘ఇవాళ’ పెట్టి చూడండి. మీరు చెప్పేది ‘ఇవాళ’కి మాత్రమే నిజమైతే కోపిష్టి వద్దు. ‘ఇవాళ’ తీసేసి ‘చిన్నప్పటి నుంచీ’ అని పెట్టినా నిజంగానే ఉంటే, అప్పుడు కోపిష్టి అనొచ్చు. అనొచ్చు అంటే వ్యాకరణం ఒప్పుకుంటుందని. మర్యాద ఒప్పుకుంటుందా అన్నది వేరే సంగతి, దాని గురించి కింద చెప్తాం.

ఆ మాటకి అంత బరువు ఎందుకంటే, దాని తోకలోనే ఉంది. శ్రేష్ఠ, కనిష్ఠ, బలిష్ఠ అనే సంస్కృత పదాల చివర ఉన్న ‘ఇష్ఠ’ అన్నిటికన్నా ఎక్కువ అనో తక్కువ అనో చెప్పే ప్రత్యయం. పాపిష్టి, కోపిష్టి అనే మాటల చివర ఉన్నదీ అదే. కోపం మామూలుగా ఉంటే ఆ తోక రాదు. పాత పుస్తకాల్లో ‘కోపిష్ఠి’ అని ఒత్తు ఠకారంతో కనిపిస్తుంది, ఇప్పటి వాడుకలో ‘కోపిష్టి’ స్థిరపడింది. ఏది రాసినా ఒకే వ్యాసంలో రెండూ కలపకండి. మీరు చూసిన నిఘంటువు అర్థం సరిగ్గానే ఇచ్చింది. ఆ అర్థం ఒక్క పూటదా, జీవితకాలానిదా అన్నది ఆ ఒక్క లైనులో పట్టదు.

ముందు ఇంట్లో సంగతి చక్కబెట్టుకోండి. ఆరోజు రాయాల్సిన వాక్యం ఇది: ‘అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పి ఎక్కువగా ఉంది వదినా, పొద్దుటి నుంచీ కాస్త చిరాగ్గా ఉన్నారు.’ నొప్పి ముందు వచ్చింది, చిరాకు తర్వాత వచ్చింది. ఈ వరస ముఖ్యం. కారణం ముందు వింటే ‘అయ్యో’ అనిపిస్తుంది, చిరాకు మాట ముందే వింటే కారణం చెప్పేలోపే మనసు నొచ్చుకుంటుంది. ‘కాస్త’ అన్న చిన్న మాట కూడా పనిచేస్తుంది, తెలుగులో పెద్దవాళ్ళ గురించి ఇలాంటి సంగతి చెప్పేటప్పుడు ‘చాలా’కి బదులు ‘కాస్త’, ‘కొంచెం’ వాడడం అలవాటు.

ఇప్పుడు అత్తగారితో నేరుగా, ఎదురుగా కూర్చుని ఇలా అనండి: ‘అత్తయ్యా, మొన్న నేను రాసిన మాట తప్పండీ. నొప్పితో మీరు పడుతున్న బాధ చెప్పబోయి, మాట తెలియక ఏదో రాసేశాను. మనసులో పెట్టుకోకండి.’ క్షమాపణలో కోపిష్టి అన్న మాటని మళ్ళీ పలకకండి, ‘మీరు కోపిష్టి అని కాదు’ అని కూడా అనకండి. కాదు అన్నా ఆ మాటే చెవిన పడుతుంది. ‘మీకు కోపం వచ్చినట్టుంది’ అని కూడా మొదలుపెట్టకండి. ఆవిడతో మాట్లాడాక, తప్పు మాట పడింది గ్రూపులో కాబట్టి అక్కడ కూడా రెండు లైన్లు రాయండి: ‘మొన్న నేను మాట తప్పుగా రాశాను. అత్తయ్యగారికి నొప్పి ఎక్కువగా ఉందని చెప్పడమే నా ఉద్దేశం.’

ఇక వాడుక. తెలుగులో కోపం గురించి మాట్లాడేటప్పుడు విశేషణం కోసం వెతకడమే చాలామంది చేసే మొదటి పొరపాటు. తెలుగువాళ్ళు రోజువారీ మాటల్లో కోపాన్ని మనిషికి అంటించిన గుణంలా చెప్పరు. మనిషి దగ్గరికి వచ్చి పోయేదానిలా చెబుతారు. నాకు కోపం వచ్చింది, ఆయనకి కోపం తగ్గింది, నాన్నకి కోపం చల్లారింది. ఇందులో మనిషికి ‘కి, కు’ చేరుతుంది, వచ్చేదీ పోయేదీ కోపమే. హిందీ ‘ముఝే గుస్సా ఆయా’ ఇదే పద్ధతి కాబట్టి మీకు కష్టం కాదు. స్వభావం చెప్పాలన్నా ఇదే చట్రంలో చెప్పొచ్చు. ‘మావయ్యగారికి కోపం ఎక్కువ.’ ఈ మూడు మాటల వాక్యం కోపిష్టి చేసే పనంతా చేస్తుంది, ముద్ర మాత్రం వేయదు. ఇంట్లో, ఆఫీసులో, పెళ్ళి సంబంధాల మాటల్లో నూటికి తొంభై సార్లు జనం అనేది ఇదే. ‘అబ్బాయి మంచివాడే, కాకపోతే కోపం కొంచెం ఎక్కువ’ అన్నదానికీ, ‘అబ్బాయి కోపిష్టి’ అన్నదానికీ తేడా గమనించండి. మొదటిది విన్నాక సంబంధం గురించి మాట్లాడుకుంటారు, రెండోది విన్నాక లేచి వెళ్ళిపోతారు.

కోపం పక్కన ఏ క్రియ చేరితే ఏ అర్థం వస్తుందో విడిగా నేర్చుకోవాలి, ఎందుకంటే అన్నీ ఒకదానికొకటి బదులు రావు. కోపం రావడం తెలిసిందే. ‘కోపం తెచ్చుకోకండి’ అంటే వద్దని బతిమాలడం, ఏదైనా చేదు మాట చెప్పేముందు వాడతారు. ‘కోపం తెప్పించకు’ అంటే హెచ్చరిక. ‘నా మీద కోపం పెట్టుకున్నాడు’ అంటే అది ఇంకా పోలేదు, లోపల దాచుకున్నాడు. ‘నాన్న కోపం చేస్తారు’ అంటే తిడతారు. కోప్పడడం కూడా తిట్టడమే. ‘అమ్మ నన్ను కోప్పడింది’ అంటే అమ్మకి కోపం వచ్చిందని మాత్రమే కాదు, నోటితో మందలించింది. పైగా దానికి ఒక దిశ ఉంది. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని కోప్పడతారు. ‘కోడలు అత్తగారిని కోప్పడింది’ అంటే వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడ ‘విసుక్కుంది’ అనో ‘ఎదురు చెప్పింది’ అనో అంటారు.

కోపం ఎవరి మీదో చెప్పేటప్పుడు ‘మీద’ అనే రావాలి. మీ అమ్మాయి ‘తమ్ముడితో కోపంగా ఉన్నాను’ అని రాసిందంటే అది హిందీ ‘ముఝ్‌సే నారాజ్ హై’ ప్రభావం కావచ్చు. ఇంగ్లీషు చదువులోంచీ రావచ్చు. మరాఠీ ఇక్కడ తెలుగు పక్షానే ఉంది, ‘మాఝ్యావర్ రాగావ్‌లీ’లోని ‘వర్’ అంటే మీద అనే కదా. అయితే ‘తమ్ముడితో కోపంగా మాట్లాడాను’ అన్నది తప్పు కాదు. అక్కడ ‘తో’ మాట్లాడడానికి చెందింది, కోపానికి కాదు. ఈ తేడా పాపకి చెప్పండి, లేకపోతే రెండింటినీ కొట్టేస్తుంది. ‘మీద’ ఎంత గట్టి అలవాటంటే సామెతలో కూడా అదే ఉంది: అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు. దుత్త అంటే పాలు, నెయ్యి పోసుకునే చిన్న మట్టికుండ. అరవలేని చోట కోపం తెచ్చుకుని, నోరులేని కుండ మీద దాన్ని తీర్చుకోవడం.

మీ మరాఠీ మిమ్మల్ని బోల్తా కొట్టించే మాటలు రెండున్నాయి. మరాఠీ ‘రాగ్’ కోపం. తెలుగు రాగం పాటది. ‘పిల్ల రాగాలు తీస్తోంది’ అంటే ఏడుపు సాగదీస్తోందని, కోపంగా ఉందని కాదు. రెండోది ఆగ్రహం. మరాఠీ ఇళ్ళల్లో భోజనాల దగ్గర ఆగ్రహ్ చేస్తారు, అంటే ఇంకొంచెం వడ్డించుకోమని బలవంతపెడతారు. తెలుగులో ఆగ్రహం అంటే పట్టరాని కోపం, అదీ రాతలో, వార్తల్లో, దేవతలూ ఋషుల కథల్లో వినిపించే కోపం. ‘అత్తయ్యగారు భోజనానికి ఎంతో ఆగ్రహం చేశారు’ అని మీరు ఎక్కడైనా రాస్తే ఇప్పుడు జరిగినదానికన్నా పెద్ద గొడవ అవుతుంది. తెలుగులో దానికి ‘కొసరి కొసరి వడ్డించారు’ అనండి. సత్యాగ్రహంలో ఉన్న ఆగ్రహం మాత్రం పట్టుదలే, ఆ సమాసంలో పాత అర్థం నిలిచిపోయింది.

మీ అత్తగారి విషయంలో సరైన మాట చిరాకు అన్నాం కదా, ఆ మాటని దగ్గరగా చూడండి. కోపానికి సాధారణంగా ఒక గురి ఉంటుంది, ఫలానావాళ్ళ మీద అని. చిరాకుకి గురి అక్కర్లేదు. నొప్పి, నిద్రలేమి, ఉక్కపోత, కరెంటు పోవడం, ఏదైనా చాలు. అందుకే ఒంట్లో బాగాలేనివాళ్ళ గురించి చెప్పేటప్పుడు అది తప్పు పట్టే మాట అవదు. చిరాకు పక్కన క్రియ మారితే మనుషులు మారతారు. ‘చిరాకు పడుతున్నారు’ అంటే తాము విసుక్కుంటున్నారు. ‘చిరాకు పెడుతున్నాడు’ అంటే ఎదుటివాళ్ళని విసిగిస్తున్నాడు. ‘చంటిది చిరాకు చేస్తోంది’ అంటే పళ్ళు వస్తున్నాయో, నిద్ర చాలలేదో, ఊరికే ఏడుస్తూ సతాయిస్తోంది. పడు, పెట్టు, చేయు, ఈ మూడూ తారుమారైతే అర్థం తలకిందులవుతుంది. ‘అత్తయ్యగారు చిరాకు పెడుతున్నారు’ అని రాసి ఉంటే అది కోపిష్టి కన్నా పెద్ద తప్పయ్యేది. మనకి కలిగేదాన్ని చెప్పాలంటే ‘నాకు చిరాగ్గా ఉంది’, ‘చిరాకేస్తోంది’ అంటారు. ‘విసుగేస్తోంది’, ‘భయమేస్తోంది’, ‘సిగ్గేస్తోంది’ అన్నీ ఇలాగే వస్తాయి గానీ ‘కోపమేస్తోంది’ కన్నా ‘కోపం వస్తోంది’ అనడమే ఎక్కువ.

రాసేటప్పుడు ‘చిరాకుగా’ అన్నా తప్పు లేదు, పలికేటప్పుడు చిరాగ్గా అవుతుంది. విసుగు విసుగ్గా అయినట్టే. చిరాకుకి ఇంకో వాడుక కూడా ఉంది, తెలియకపోతే తికమకపడతారు. ‘ఇల్లంతా చిరాగ్గా ఉంది’ అంటే సర్దలేదు, సామాను చిందరవందరగా పడి ఉంది. ‘ఒళ్ళంతా చిరాగ్గా ఉంది’ అంటే చెమటతో జిడ్డుగా ఉంది, స్నానం చేయాలి. కొన్నిచోట్ల దీన్నే చీకాకు, చికాకు అని కూడా అంటారు.

ముక్కోపి సంగతి. ముక్కంటిలో ఉన్నది మూడు కాబట్టి ముక్కోపి అంటే మూడు కోపాలవాడని కొందరు పొరబడతారు. ఇందులో ఉన్నది ముక్కు. ‘కోపం ముక్కు మీదే ఉంటుంది’ అంటాం చూడండి, లోపల్నుంచి రావడానికి సమయం పట్టదు, బయటే కాచుకుని ఉంటుంది. కోపిష్టికీ ముక్కోపికీ అసలు తేడా వేగంలో ఉంది. ముక్కోపికి ఇట్టే వస్తుంది, చాలామందికి ఇట్టే పోతుంది. ‘మా బాబాయి ముక్కోపి గానీ మనసు వెన్న’ అన్న వాక్యం హాయిగా నడుస్తుంది. ‘కోపిష్టి గానీ మనసు వెన్న’ అనరని కాదు, కానీ అక్కడ ‘గానీ’ మీద చాలా బరువు పడుతుంది. ఈ రెండు మాటలూ తన గురించి తాను చెప్పుకుంటే మర్యాదగా ఉంటాయి: ‘నేను కాస్త ముక్కోపిని, ఏమీ అనుకోకండి.’ ఇంకొకరి గురించి, అందులోనూ పెద్దవాళ్ళ గురించి, వాళ్ళ ముందో గ్రూపులోనో అంటే నింద అవుతుంది. ‘గారు’, ‘అండి’ చేర్చినా ఆ నింద పోదు. ‘ఆయన కోపిష్టివారండీ’ అంటే మర్యాద ఎక్కువవదు, వాక్యం వికారమవుతుంది. మర్యాద కావాలంటే ‘ఆయనకి కోపం కొంచెం ఎక్కువండీ’ అనే రావాలి.

వీటి చివరలు కూడా చూసుకోండి. నేను ముక్కోపిని, నువ్వు ముక్కోపివి, మేం ముక్కోపులం, మీరు ముక్కోపులు, ఆయన ముక్కోపి, ఆవిడ ముక్కోపి. కోపిష్టిని, కోపిష్టివి, కోపిష్టులం కూడా ఇంతే. మాట్లాడేటప్పుడు ఆడా మగా తేడా లేదు. ‘ఆయన ముక్కోపి’ అన్నాక ‘ఉన్నారు’ అక్కర్లేదు. మరాఠీ ‘ఆహే’, హిందీ ‘హై’ అలవాటైన నాలుకకి వాక్యం చివర ఏదో ఖాళీగా అనిపించి ‘ఉన్నారు’ వచ్చేస్తుంది. మీ వాక్యంలో అది అలాగే వచ్చి ఉండొచ్చు. తెలుగులో పేరుతో ముగిసే వాక్యం అక్కడితో పూర్తయినట్టే.

గయ్యాళి జోలికి వెళ్ళకండి. అది ఆడవాళ్ళనే అనే మాట. కోపం ఒక్కటే కాదు, నోరు పెట్టుకుని పడిపోవడం, తగవులాడడం అన్నీ అందులో ఉన్నాయి. అత్తగారి గురించి కోడలి నోట, కోడలి గురించి అత్తగారి నోట ఆ మాట వస్తే ఇంక వెనక్కి తీసుకునే దారి ఉండదు. దురుసు, పెడసరం, కరుకు అన్నవి కోపం గురించి కాదు, మాటతీరు గురించి. మనసులో ఏ కోపం లేకుండానే కొందరు పెడసరంగా మాట్లాడతారు. ముభావంగా ఉండడం అంటే కలివిడిగా లేకపోవడం, అది దిగులు వల్ల కూడా కావచ్చు. రోషం, పౌరుషం చెడ్డ గుణాలే కావు, మెచ్చుకోలుగానే ఎక్కువ వాడతారు. ఉక్రోషం అంటే ఏమీ చేయలేక లోపల ఉడికిపోయే కోపం. ఆటలో ఓడిపోయి బ్యాటు విసిరేసే పిల్లాణ్ణి ఉడుకుమోతు అంటారు, మీ పాపకి ఈ మాట నచ్చుతుంది, నేర్పండి. అలక మాత్రం వేరే. బతిమాలతారన్న నమ్మకం ఉన్నచోటే అలుగుతారు. పెళ్ళిళ్ళలో అలకపాన్పు ఎక్కే అల్లుడికి నిజంగా కోపం వచ్చిందని ఎవరూ అనుకోరు.

పేరు పెట్టకుండా మనిషి తీరు చెప్పడానికి తెలుగులో ఇంకో మంచి దారి ఉంది, మీరు ఎక్కువగా వాడాల్సింది దాన్నే. ధ్వనిని పట్టుకుని చెప్పే మాటలు. చిటపటలాడడం నూనెలో ఆవాలు పేలినట్టు మాటలు రావడం. చిర్రుబుర్రులాడడం చిన్నదానికీ పెద్దదానికీ విసుక్కోవడం. కస్సుబుస్సులాడడంలో పాము బుస ఉంది. రుసరుసలాడడంలో విసవిసా లేచి వెళ్ళిపోవడం ఉంది. ధుమధుమలాడేది ఎక్కువగా ముఖం. వీటికి ‘ఆడు’ చేరి క్రియలవుతాయి, కాబట్టి కాలం మీ చేతిలో ఉంటుంది. ‘చిర్రుబుర్రులాడుతున్నారు’ అంటే ఇప్పుడు. ‘చిర్రుబుర్రులాడుతుంటారు’ అంటే తరచుగా. ‘చిర్రుబుర్రులాడే మనిషి’ అంటే స్వభావం. కోపిష్టికి ఈ వెసులుబాటు లేదు. ఇవి కూడా అత్తగారి ముందు అనే మాటలు కావు గానీ, అక్కతోనో స్నేహితురాలితోనో చెప్పుకునేటప్పుడు ముద్ర వేయకుండా ఆ పూట జరిగింది చెప్పడానికి ఇంతకన్నా చక్కటి మాటలు లేవు.

కోపం బాగా ఎక్కువైతే ‘అగ్గిమీద గుగ్గిలమయ్యాడు’ అంటారు. గుగ్గిలం చెట్టు నుంచి కారి గట్టిపడిన బంక, నిప్పుల మీద వేస్తే భగ్గుమంటుంది. ఇది ఎక్కువగా ‘అవ్వడం’తోనే వస్తుంది, ‘అగ్గిమీద గుగ్గిలం మనిషి’ అని విశేషణం చేయకండి. మండిపడ్డారు, నిప్పులు చెరిగారు అన్నవి పత్రికల భాష, నాయకుల ప్రకటనలకి సరిపోతాయి. ఇంట్లో వంటగదిలో జరిగినదానికి వాడితే అతిగా ఉంటుంది.

మీవాళ్ళు రాజమండ్రి వాళ్ళు కాబట్టి పైన చెప్పినవన్నీ అక్కడ నడుస్తాయి. తెలంగాణ స్నేహితులు ‘కోపానికొచ్చిండు’, ‘గుస్సా అయిండు’, ‘గరం అయిండు’ అంటే అది కోపం రావడమే, ఆ పూటదే. ‘తిక్క’ అన్న మాటతో మాత్రం జాగ్రత్త. కోస్తాలో ‘తిక్క రేగింది’ అంటే కోపం తలకెక్కిందని, రాయలసీమలో తిక్క అంటే పిచ్చి.

ఇక పాప వాక్యాలు. ‘కోపమైన మనిషి’ తప్పవడానికి కారణం ‘ఐన’. అందమైన, బలమైన, విలువైన అని నేర్చుకున్న పిల్ల కోపమైన అని రాయడం తెలివైన పొరపాటే. కానీ ఈ ‘ఐన’ వస్తువుకో మనిషికో ఉన్న గుణానికి చేరుతుంది, మనిషికి వచ్చిపోయే భావానికి చేరదు. కోపమైన, చిరాకైన, విసుగైన, భయమైన, ఇవేవీ మనిషికి చెల్లవు. వీటి స్థానంలో క్రియని విశేషణంగా మార్చి వాడాలి: కోపంగా ఉన్న మనిషి, ఊరికే కోపం తెచ్చుకునే మనిషి, కోపం పట్టలేని మనిషి. చూపుకీ మాటకీ అయితే ‘కోపపు చూపు’, ‘కోపపు మాట’ అని రాయొచ్చు. తాతయ్య వాక్యాన్ని ‘మా తాతయ్యకు కోపం ఎక్కువ’ అని దిద్దించండి. ‘మా తాతయ్య కోపిష్టి’ అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది, మనవరాలి పుస్తకంలో ఆ మాట వద్దు.

రెండో వాక్యం ‘నాకు తమ్ముడి మీద కోపం వచ్చింది’. ఇంకా పోకపోతే ‘నాకు తమ్ముడి మీద కోపంగా ఉంది’. ‘నేను కోపంగా ఉన్నాను’ అన్నదీ తెలుగే, కానీ అందులో తనని తాను బయటి నుంచి చూసి చెప్తున్నట్టు ఉంటుంది, ‘నేను కోపంగా ఉన్నాను, నాతో మాట్లాడకు’ అన్నప్పటిలా. లోపల కలిగింది చెప్పడానికి పిల్లలకి ‘నాకు’ అలవాటు చేయడమే మంచిది.

మూడోదానికి ‘పులి క్రూరమృగం’ చాలు. కోపిష్టి మనుషుల మాట, జంతువులకి వేరే మాటలున్నాయి. ఎద్దు పొగరుబోతు, గేదె పొడుస్తుంది, గాడిద తంతుంది, కుక్క కరుస్తుంది.

పాపతో వారం రోజులు రాత్రి పడుకునే ముందు రెండేసి వాక్యాలు చెప్పించండి. ఒకటి ‘ఇవాళ’తో, ఒకటి ‘ఎప్పుడూ’తో. ‘ఇవాళ అమ్మకి చిరాగ్గా ఉంది, తలనొప్పి.’ ‘తమ్ముడు ఎప్పుడూ ఉడుకుమోతే, ఓడిపోతే ఏడుస్తాడు.’ రాయించడం కన్నా చెప్పించడం ముఖ్యం, ఎందుకంటే ‘నాకు’, ‘అమ్మకి’, ‘తమ్ముడి మీద’ అన్నవి చెవికి అలవాటైతేనే చేతికి వస్తాయి. వీలైతే ఆ వాక్యాలు నాయనమ్మ దగ్గర కూర్చుని చెప్పమనండి, ఎక్కడ తప్పినా ఆవిడే దిద్దుతారు.